మేస్త్రీకీ మేస్త్రీకీ మధ్య

సైట్ మీద పని ఎందుకు లేటవుతుందని అడిగితే ఎవరైనా మూడు కారణాలు చెప్తారు: లేబర్ దొరకడం లేదు, వాన పడింది, డబ్బు అందలేదు. మూడూ నిజమే. కానీ బాచుపల్లి, నిజాంపేట, మియాపూర్ వైపు అపార్ట్‌మెంట్లు కట్టిస్తూ సైట్ ఇన్‌చార్జిగా ఇన్నేళ్లు పనిచేశాక నేను గట్టిగా నమ్మేది వేరే ఉంది. సెంట్రింగ్ వాళ్లు (కాంక్రీట్ పోయడానికి పలకల అచ్చు కట్టేవాళ్లు) వాళ్ల పని చేస్తూనే ఉంటారు, ఇనుప రాడ్ కట్టేవాళ్లు వాళ్ల పని చేస్తూనే ఉంటారు. రోజులు పోయేది ఒక గ్యాంగ్ చేతిలోంచి పని ఇంకో గ్యాంగ్ చేతిలోకి వెళ్లే చోట. ఆ చోట జరిగేదానికి ఎవరికీ కూలి లేదు, అది ఎవరి పనీ కాదు. సైట్ నడపడమంటే ముందుగా ఆ చోటుని చూసుకోవడం అని నా అభిప్రాయం.

ఒక మామూలు బిల్డింగ్ తీసుకుందాం. 600 గజాల స్థలం, స్టిల్ట్ (పార్కింగ్‌కి వదిలే కింది భాగం) మీద ఐదు అంతస్తులు. ఒక్కో స్లాబ్‌కి బీములతో కలిపి సుమారు 60 క్యూబిక్ మీటర్ల కాంక్రీట్ పడుతుంది. 6 క్యూబిక్ మీటర్ల ట్రాన్సిట్ మిక్సర్లు (కాంక్రీట్ బండ్లు) పది వస్తే సరిపోతుంది, పంపు సరిగ్గా నడిస్తే ఒక్క రోజులో పోసేయొచ్చు. కష్టమంతా దానికి ముందు రోజుల్లోనే ఉంటుంది. సెంట్రింగ్ గ్యాంగ్ శ్రీకాకుళం జిల్లా నుంచి వస్తుంది. రాడ్ కట్టేవాళ్లు ఒడిశా వాళ్లు. ఎలక్ట్రీషియన్‌ది నల్గొండ. ప్లంబర్ ఇక్కడే కూకట్‌పల్లిలో ఉంటాడు. స్లాబ్ పోసే రోజు వచ్చే గ్యాంగ్ పాలమూరుది. వీళ్లు కాక రెడీమిక్స్ ప్లాంటు వాళ్లు, పంపు వాళ్లు. ఒకరి భాష ఇంకొకరికి సగమే అర్థమవుతుంది. అది పెద్ద సమస్య కాదు, సైగలతో, హిందీతో నెట్టుకొస్తారు.

అసలు సమస్య రేటులో ఉంది. సెంట్రింగ్ మేస్త్రీకి చదరపు అడుగుకి ఇంత అని, రాడ్ మేస్త్రీకి టన్నుకి ఇంత అని, ఎలక్ట్రీషియన్‌కి పాయింటుకి ఇంత అని మాట్లాడుకుంటాం. ఎవరి లెక్క వాళ్లది. తన పని ఎంత తొందరగా ముగిస్తే అంత మిగులుతుంది. పక్కవాడి కోసం ఒక పూట ఆగితే ఆ పూట కూలి తన జేబులోంచే పోతుంది. అలాంటప్పుడు "మీలో మీకు కోఆపరేషన్ ఉండాలి" అని చెప్తే ఎవరు వింటారు? ఆగమని అడిగే ముందు, ఆగినందుకు వాళ్లు నష్టపోకుండా చూడాల్సింది మనం.

స్లాబ్‌లో కరెంటు పైపుల సంగతే చూడండి. సెంట్రింగ్ పలకలు పరిచాక కింది రాడ్ కడతారు, దాని కింద 20 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులు (రాడ్ పలకకి తగలకుండా ఎత్తి ఉంచే చిన్న దిమ్మలు) పెడతారు. ఆ తర్వాత ఎలక్ట్రీషియన్ వచ్చి ఫ్యాన్ బాక్సులు బిగించి పైపులు పరవాలి. అప్పుడు పై రాడ్ కట్టాలి. అంటే ఎలక్ట్రీషియన్‌కి దొరికేది కింది రాడ్‌కీ పై రాడ్‌కీ మధ్య ఉన్న కొద్ది సమయమే. ఆ సమయానికి అతను ఇంకో సైట్‌లో ఉంటాడు. రాడ్ మేస్త్రీ ఆగడు, పై రాడ్ కూడా కట్టేస్తాడు. మర్నాడు ఎలక్ట్రీషియన్ కుర్రాళ్లు వచ్చి ఆ రాడ్ల మధ్యలోంచి పైపులు దూర్చడానికి బైండింగ్ వైర్లు తెంపుతారు, రాడ్లు పక్కకి జరుపుతారు. మోకాళ్ల కింద కవర్ బ్లాకులు పగిలిపోతాయి. సాయంత్రం చెకింగ్‌కి వెళ్తే రాడ్ మేస్త్రీ "మేడం, హమ్ తో సహీ బాంధా థా" (మేం సరిగ్గానే కట్టాం) అంటాడు. ఎలక్ట్రీషియన్ "జర ఆగుమంటే ఆగలేదు మేడం, నేనేం జేయాలె" అంటాడు. ఇద్దరూ చెప్పేది నిజమే. తప్పు ఎవరిదో తేల్చేలోపు ఒక రోజు పోతుంది. తేలాక కూడా ఆ రాడ్ మళ్లీ కట్టేది ఎవరన్న గొడవ మిగిలే ఉంటుంది.

అందుకే మా సైట్‌లో సాయంత్రం అయిదున్నరకి అందరం పది నిమిషాలు నిలబడి మాట్లాడుకుంటాం. కుర్చీలు వేయను. కుర్చీ వేస్తే మీటింగ్ సాగుతుంది, పనివాళ్లకి ఇంటికెళ్లి వంట చేసుకోవాల్సిన టైమ్ అది. ప్రతి మేస్త్రీనీ ఒక్కటే అడుగుతాను: రేపు పొద్దున నీ పని మొదలవ్వాలంటే ఎవరు ఏం చేసిపెట్టాలి? "రేపటికి అవుతుందా?" అని అడగను. అలా అడిగితే అవుతుందనే చెప్తారు, కాదని చెప్పి ఎవరు మాట పడతారు? "కింది రాడ్ ఏ గ్రిడ్ దాకా కట్టడం అయ్యింది, ఎన్ని కాలమ్‌లకి రింగులు వేశారు" అని అడిగితే అంకె చెప్పాలి. అంకె చెప్పిన మనిషి మర్నాడు దానికి కట్టుబడి ఉంటాడు.

ఇంకో నియమం కూడా ఉంది. అడిగేది నన్ను కాదు, ఆ పని చేసివ్వాల్సిన మనిషిని అడగాలి. మొదట్లో ఎవరూ అలా మాట్లాడరు. ఒకరి మీద ఒకరు నాకే చెప్తారు, నేను మధ్యవర్తిని అవుతాను. అలా జరగనిస్తే రోజంతా ఒకరి ఫిర్యాదు ఇంకొకరికి మోయడమే మన పని అవుతుంది. "ఆయన పక్కనే ఉన్నారుగా అన్నా, ఆయనకే చెప్పండి" అని నేను పక్కకి జరుగుతాను. రాడ్ మేస్త్రీ, ఎలక్ట్రీషియన్ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటే తేలిన సంగతి చాలా చిన్నది. స్లాబ్ మొత్తం కింది రాడ్ అయ్యేదాకా ఆగక్కర్లేదు, సగం అయితే చాలు, ఆ సగంలో పైపులు వేసుకోవచ్చు. అప్పుడు రాడ్ వాళ్లు రెండో సగంలో ఉంటారు. ఎవరి కూలీ పోదు. ఇది ఏ ఇంజనీరూ చెప్పలేదు, వాళ్లే తేల్చుకున్నారు. నేను చేసిందల్లా ఆ సగం గీత డ్రాయింగ్ మీద గీసి, మెట్ల పక్కన గోడ మీద సుద్దతో తెలుగులో, హిందీలో రాయించడం. పొద్దున వచ్చినవాళ్లు ముందు ఆ గోడే చూస్తారు.

మా తమ్ముడు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. వాళ్లకి రోజూ పొద్దున ఇలాంటి మీటింగే ఉంటుందట. కానీ అందులో ఎవరు ఏం చేశారో మేనేజర్‌కి చెప్పడమే ఎక్కువ. కోడ్ రాసేవాళ్లకీ టెస్టింగ్ వాళ్లకీ మధ్య అక్కడా ఇదే గొడవ, పని అందించేవాడు ఒకలా అనుకుంటాడు, అందుకునేవాడు ఇంకోలా ఎదురుచూస్తాడు. సిమెంటైనా కంప్యూటరైనా మనుషులు మేనేజర్ వైపు తిరిగి మాట్లాడినంతసేపు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదని అర్థం.

లేటవుతున్న మనిషిని బద్ధకస్తుడు అనుకోవడం సైట్ మీద పెద్ద జబ్బు. ఒక బిల్డింగ్‌లో రెండో స్లాబ్ తర్వాత సెంట్రింగ్ పని బాగా నెమ్మదించింది. ఆఫీసు నుంచి ఒకటే ఫోన్లు. మనుషుల్ని పెంచమని మేస్త్రీకి చెప్పండి, లేకపోతే మార్చేయండి అన్నారు. మేస్త్రీ పెద్దాయన, నోరు విప్పి చెప్పే రకం కాదు. పక్కకి పిలిచి టీ తాగుతూ అడిగితే "మనుసులున్నారమ్మా, జాకీలు నేవు" అన్నాడు. జాకీలంటే పలకల కింద నిలబెట్టే ఊతలు. అతని దగ్గర ఉన్న సామాను ఒకటిన్నర స్లాబ్‌కే సరిపోతుంది. కింది స్లాబ్ జాకీలు తీస్తే కానీ పైన పెట్టడానికి లేవు. అవి ఎప్పుడు తీయొచ్చో కోడ్ చెప్తుంది. కాంక్రీట్ పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం 4.5 మీటర్ల లోపు స్పాన్ (రెండు ఆధారాల మధ్య దూరం) ఉన్న స్లాబ్ కింద జాకీలు కనీసం 7 రోజులు ఉండాలి, అంతకు మించితే 14 రోజులు. బీముల కింద 6 మీటర్ల దాకా 14 రోజులు, దాటితే 21 రోజులు. అది కూడా మామూలు ఓపీసీ (ఆర్డినరీ పోర్ట్‌లాండ్) సిమెంటుకి. ఫ్లైయాష్ కలిసిన సిమెంటయితే ఇంకాస్త ఆగడం మంచిది. ఆ ఆగాల్సిన రోజుల్లోనే అతని గ్యాంగ్ పని లేక కూర్చుంది. ఇంకో పదిమందిని తెచ్చినా వాళ్లూ ఇలాగే కూర్చుంటారు.

ఇలాంటి చోటే ప్రమాదాలు పుడతాయి. పైనుంచి ఒత్తిడి, చేతిలో సామాను లేదు, అడిగితే మాట పడాలి. అప్పుడు మేస్త్రీ చేసేది ఒక్కటే, రాత్రి పూట రెండు జాకీలు తీసేయడం. ఆయన అలా చేయలేదు, నాకు చెప్పాడు. నేను ఆఫీసుకి రెండు లెక్కలు రాసి పంపాను. సగం స్లాబ్‌కి సరిపడా జాకీలు, పలకలు అద్దెకి తెస్తే నెలకి అయ్యే ఖర్చు ఒకవైపు, ఒక్కో స్లాబ్‌కి వృథా అయ్యే రోజుల్లో బ్యాంకు వడ్డీ, వాచ్‌మన్, స్టాఫ్ జీతాలు ఇంకోవైపు. అద్దె ఖర్చే తక్కువ. మర్నాడు ఒప్పుకున్నారు. పైవాళ్లతో వాదించడం కంటే లెక్క ముందు పెట్టడం ఎప్పుడూ మేలు. మేస్త్రీని మార్చి ఉంటే కొత్తవాడు పాత పని కొలతలు, బకాయిల గొడవతోనే నెల గడిపేవాడు.

చెడు వార్త ముందుగా తెలియడం గురించి ఇంకాస్త చెప్పాలి. ఒక మే నెలలో స్లాబ్ పోస్తున్నాం. ఎండాకాలం కాబట్టి తెల్లవారుజామునే మొదలుపెట్టాం. ఆరు బండ్లు పోశాక ఏడోది రాలేదు. దారిలో ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. వచ్చేసరికి చలాన్ మీద టైమ్ చూస్తే లోడ్ చేసి రెండు గంటలు దాటింది. రెడీమిక్స్‌కి ఐఎస్ 4926 చెప్పే హద్దు మామూలుగా రెండు గంటలే. డ్రైవర్ డ్రమ్ములో నీళ్లు పోస్తానన్నాడు. పంపు ఆపరేటర్ తొందరపెట్టాడు. గేటు దగ్గర ఉన్నది పాలిటెక్నిక్ ముగించి కొత్తగా చేరిన సూపర్‌వైజర్ కుర్రాడు. స్లంప్ (కాంక్రీట్ ఎంత జారుగా ఉందో చెప్పే కొలత) చూశాడు, బాగా తగ్గిపోయింది. "ఈ బండి వద్దు" అని వెనక్కి పంపేశాడు. నేను పైన స్లాబ్ మీద ఉన్నాను, నన్ను అడిగేంత టైమ్ కూడా లేదు. అప్పుడే సైట్ చూడటానికి వచ్చిన యజమాని ఆ ఖాళీ టైమ్‌నీ, తిరిగి వెళ్లిపోతున్న బండినీ చూసి అందరి ముందూ వాడి మీద కేకలేశారు.

నేను కిందికి దిగి వచ్చి అందరి ముందే చెప్పాను: "సార్, బండి వెనక్కి పంపమన్నది నా రూల్. వాడు చేసింది సరైన పని." ఆ రూల్ నిజంగానే ముందు సాయంత్రం గోడ మీద రాసి ఉంది. ఎన్ని గంటలు దాటితే వద్దనాలి, స్లంప్ ఎంత కంటే తగ్గితే వద్దనాలి, నీళ్లు కలపడానికి ఎవరికీ అధికారం లేదు. ఇంకో సంగతీ రాసి పెట్టుకున్నాం. బండ్లు ఆగిపోతే స్లాబ్ ఎక్కడ ఆపాలి. ఎక్కడపడితే అక్కడ ఆపితే కోల్డ్ జాయింట్ (పాత, కొత్త కాంక్రీట్ సరిగ్గా కలవని అతుకు) వస్తుంది, రేపు అక్కడ నీళ్లు దిగుతాయి. షియర్ (కోసేలా పనిచేసే బలం) తక్కువుండే చోట, బీముకి దూరంగా, స్పాన్ మధ్య వైపు ఆపడానికి స్టాపర్ చెక్కలు ముందే కోసి ఉంచాం. పాలమూరు గ్యాంగ్ పెద్దమ్మకి ఆ గీత తెలుసు. నేను దిగి వచ్చేలోపే ఆమె తట్టలు అటు మళ్లించింది. ఎనిమిదో బండి టైముకే వచ్చింది కాబట్టి చెక్కలు కొట్టాల్సిన అవసరం రాలేదు.

యజమానికి ఆ రోజు కోపం తగ్గలేదు, అది సహజం. కానీ ఆ తర్వాత ఆ కుర్రాడు ఏ చిన్న తేడా కనిపించినా వెంటనే ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. వాడిని చూసి ఎలక్ట్రీషియన్ దగ్గర పనిచేసే పిల్లలు కూడా చెప్పసాగారు, ఇక్కడ బాక్సు వంకరపోయింది మేడం, ఇక్కడ పైపు నొక్కుకుపోయింది అని. నొక్కుకుపోయిన పైపు ఆ రోజు తెలిస్తే రెండు నిమిషాల పని. స్లాబ్ పోశాక తెలిస్తే గోడలు కొట్టాలి. ఒక జూనియర్‌ని అందరి ముందు తిడితే పోయేది వాడి పరువు మాత్రమే కాదు. అక్కడ నిలబడి చూసిన ప్రతివాడూ ఇక నుంచి ఏది దాచాలో నేర్చుకుంటాడు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనైనా గొడవపడతాను.

డబ్బు సంగతి. శనివారం కొలతలు, శనివారమే పేమెంట్. మెజర్‌మెంట్ బుక్కులో మేస్త్రీ ఎదురుగా కొలిచి, అతని సంతకమో వేలిముద్రో తీసుకుని, ఒక ఫోటో అతని ఫోన్‌కి పంపుతాను. చాలా సైట్లలో లేబర్ వెళ్లిపోకుండా రెండు మూడు వారాల డబ్బు పట్టి ఉంచుతారు. చేసిన పనికి డబ్బు ఆపడం న్యాయం కాదు, పైగా దానివల్ల మనిషి ఆగడు. వెళ్లాలనుకున్నవాడు వెళ్తాడు, ఊళ్లో ఇంకో పదిమందికి ఈ సైట్ వద్దని చెప్తాడు. 2020 లాక్‌డౌన్ గుర్తుంది కదా. మే 1న మన లింగంపల్లి స్టేషన్ నుంచే జార్ఖండ్‌లోని హతియాకి వలస కూలీల కోసం దేశంలో మొదటి శ్రామిక్ రైలు వెళ్లింది. అంతకు ముందు నెలంతా మా పక్క సైట్ల దగ్గర మనుషులు బకాయిల కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం కళ్లారా చూశాను. మా రాడ్ మేస్త్రీ లెక్క ప్రతి శనివారం తేలుతూ ఉండేది కాబట్టి అతను గ్యాంగ్‌కి ఇవ్వాల్సింది ఇచ్చి పంపగలిగాడు. పనులు మళ్లీ మొదలయ్యాక ఫోన్ చేస్తే ఎవరెవరు ఎప్పుడు వస్తారో పేరుపేరునా చెప్పాడు. ఆ రోజుల్లో అంతకంటే పెద్ద ఆస్తి ఏ కాంట్రాక్టర్ దగ్గరా లేదు.

సెలవుల విషయం కూడా అంతే. సంక్రాంతికి శ్రీకాకుళం వాళ్లు ఉండరు, దసరాకి నల్గొండ, పాలమూరు వాళ్లు ఉండరు. జూన్ మధ్యలో రజ పండక్కి ఒడిశా వాళ్లు వెళ్తారు. టైల్స్ వేసే బిహార్ వాళ్లకి దీపావళి తర్వాత ఆరో రోజు ఛఠ్, దానికి వారం ముందే రైలెక్కుతారు. 2024లో మే 13న రెండు రాష్ట్రాల్లోనూ ఓటింగ్ పడింది, హైదరాబాద్ సగం ఖాళీ అయింది. ఇవేవీ హఠాత్తుగా వచ్చేవి కావు, క్యాలెండర్‌లో ఉన్నవే. అయినా ఏటా "లేబర్ సడన్‌గా వెళ్లిపోయారు" అంటుంటారు. నేను ప్రోగ్రామ్ వేసేటప్పుడు ముందు పండగలు రాసి, తర్వాత స్లాబులు రాస్తాను. గ్యాంగ్ వెళ్లే ముందు స్లాబ్ పడేలా చూసుకుంటే వాళ్లు ఊళ్లో ఉన్న రోజుల్లోనే క్యూరింగ్ (స్లాబ్‌ని తడిపి ఉంచడం) జరుగుతుంది, జాకీలకి కావలసిన రోజులూ గడుస్తాయి. తిరిగి వచ్చే టికెట్ ముందే తీసుకుంటే ఆ డబ్బు మేం ఇస్తాం.

ఫ్లాట్ కొన్నవాళ్ల మార్పులు ఇంకో తలనొప్పి. వంటగది గట్టు ఇటు కాదు అటు కావాలని నేరుగా వచ్చి మేస్త్రీకే చెప్పేస్తారు, అతను మొహమాటానికి ఒప్పుకుంటాడు. మా దగ్గర మార్పు ఏదైనా కాగితం మీద, సంతకంతో, ప్లంబర్‌కీ ఎలక్ట్రీషియన్‌కీ చూపించాకే జరుగుతుంది. గోడ కట్టడం మొదలయ్యాక వచ్చిన మార్పుకి పగలగొట్టే ఖర్చు కూడా అదే కాగితం మీద ఉంటుంది. ఖర్చు కనిపించాక సగం మార్పులు వాటంతటవే ఆగిపోతాయి.

నాకు తరచూ మెసేజ్ పెట్టే జూనియర్ ఇంజనీర్లు ఎక్కువగా అడిగేది ఏ సాఫ్ట్‌వేర్ వాడాలని. నేను బార్ చార్టు కంప్యూటర్‌లోనే వేస్తాను, ఆఫీసుకి అదే పంపుతాను. కానీ అందులో "స్లాబ్ రాడ్ వర్క్: 4 రోజులు", దాని కింద "ఎలక్ట్రికల్: 1 రోజు" అని రెండు గీతలే ఉంటాయి. ఆ రెండు గీతలు కలిసే చోట ఎవరు ఎవరితో ఏం ఒప్పుకున్నారో చార్టులో ఉండదు. అది కావాలంటే ఆ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టాల్సిందే.

ఇప్పుడున్న బిల్డింగ్‌లో నాలుగో స్లాబ్ సంక్రాంతి లోపు పడాలి. అద్దె జాకీలు చెప్పేశాను, గురువారం దిగుతాయి. సెంట్రింగ్ వాళ్లు వచ్చే శనివారానికి బీముల అడుగు పలకలు కొట్టేస్తామని అంకెతో సహా చెప్పారు. ఎలక్ట్రీషియన్ మాత్రం పెళ్లిళ్ల సీజన్ డెకరేషన్ పనులున్నాయని ఇద్దరు కుర్రాళ్లనే పంపుతానంటున్నాడు. ఇద్దరితో సగం స్లాబ్ పైపులు ఒక్క రోజులో అవ్వవు. ఇవాళ సాయంత్రం రాడ్ మేస్త్రీ ఎదుట అది తేల్చాలి. రాడ్ వాళ్లు ఒక పూట ఆగాల్సి వస్తే ఆ పూట కూలి ఎవరు పెట్టుకోవాలో కూడా అక్కడే తేల్చి గోడ మీద రాయించాలి.